బోలు గోడ

బోలు గోడ కనిపిస్తే పిన్నికి ఒళ్ళు మండుతుంది. పైకి నున్నగా ఉండి లోపల ఖాళీగా ఉండే పూత ఆవిడ దృష్టిలో పని కాదు, మోసం. ముప్పై ఏళ్ళుగా పాత కోటలకీ, పాత వంతెనలకీ, పాత ఆఫీసులకీ సున్నం పూస్తూ వచ్చింది. ఆవిడ పూసిన గోడని చెక్క సుత్తితో ఎక్కడ తట్టినా నిండు మోతే. పురాతన కట్టడాల శాఖలో ఆవిడకి 'బోలు లేని చెయ్యి' అని పేరు. వయసు యాభై రెండు. ఇంజనీరు దగ్గర్నుంచి ఇసుక జల్లించేవాళ్ళ దాకా అందరికీ పిన్నే. ఒక్క సున్నం కలిపే మరిదికి మాత్రం వదిన.

ఆ సోమవారం పొద్దున పాత జైలు వెనక ఆవరణలో, తూర్పు గోడ ముందు నిలబడి, ఎప్పుడో ఆ గోడని పూసినవాళ్ళని నోరారా తిడుతోంది.

"ఏమయ్యా మరిదీ, ఇటు రా. విను." సుత్తితో గోడ మీద తట్టింది. టక్, టక్, టక్, ఆ తర్వాత డబ్. "విన్నావా? లోపల గుంట ఉంది. గుంట ఉంటే ఏం చెయ్యాలి? రాతిముక్క పెట్టి, ముద్ద సున్నం కూరి, అది బిగిశాక పైన పూత వెయ్యాలి. ఇందాక మొదటిది తెరిస్తే చూశావుగా, ఈ మహానుభావులు గుడ్డపీలిక కుక్కి పైన మూతేసి చేతులు దులుపుకున్నారు. పనిదొంగలు!"

"పోనీలే వదినా. వాళ్ళు పోయి ఎన్నేళ్ళయిందో. నువ్విప్పుడు తిడితే వాళ్ళకి పొలమారుతుందా?"

"పొలమారనీ. ఊపిరాడకుండా పొలమారనీ."

ఆ జైలు ఇప్పుడు జైలు కాదు. డెబ్భై ఏళ్ళ కిందట దేశమంతా తిరగబడ్డప్పుడు వేలమందిని తెచ్చి కుక్కిన చోటు. వచ్చే ఆదివారం దాన్ని మ్యూజియంగా తెరుస్తున్నారు. ముందు వరసలో నాలుగో నంబరు గదికి గాజు తలుపు పెట్టి, లోపల దీపాలు పెట్టి, పాలరాతి పలక దిగ్గొట్టారు. ఉద్యమానికి నాయకుడైన పెద్దాయన తొమ్మిది నెలలు ఉన్న గది అది. ఆయన మనవడే ఇప్పుడు మ్యూజియం కమిటీ అధ్యక్షుడు. వెనకనున్న ఆడఖైదీల ఆవరణ గురించి ఎవరికీ పెద్ద పట్టింపు లేదు. అక్కడ కాఫీ కొట్టు పెట్టి, తూర్పు గోడ మీద పెద్దాయన బొమ్మ నిలువెత్తుగా గీయించాలని నిర్ణయించారు.

అందుకోసం గోడ బాగుచెయ్యాలి. పాత పూత గట్టిగా ఉన్నచోట దాన్ని అలాగే వదిలి, బోలు ఉన్నచోట మాత్రమే తెరిచి, నింపి, చివరికి మొత్తానికి ఒక పలచటి పూత వెయ్యడం ఈ శాఖ పద్ధతి. పిన్ని పొద్దున్నే గోడంతా తట్టి, డబ్ అన్నచోటల్లా బొగ్గుతో సున్నాలు చుట్టింది. ఇరవై నాలుగు. ఇంజనీరు వచ్చి లెక్కపెట్టుకుని, పనిపత్రంలో 'ఇరవై నాలుగు చోట్ల మరమ్మతు' అని రాసుకుని వెళ్ళాడు.

ఎడమ చివర నుంచి మొదలుపెట్టింది. సున్నా మధ్యలో ఉలి ఆనించి రెండు దెబ్బలు కొడితే పెంకులా ఊడి వస్తుంది. లోపల ఉండకట్టి ఎండిపోయిన గుడ్డ. దాన్ని వేళ్ళతో పీకి వెనక్కి విసిరేస్తుంది. గుంటలో దుమ్ము ఊది, నీళ్ళు చల్లి, రాతిముక్క ఇరికించి, గానుగ సున్నం బొటనవేలితో మూలమూలలకీ కూరుతుంది. బొటనవేలు వెళ్ళనిచోటికి చిటికెనవేలు వెళ్తుంది. పైన తాపీతో ఒక్క ఈడ్పు. మళ్ళీ తడితే టక్. అప్పుడు గాని ఆవిడ మొహంలో వెలుగు రాదు.

"అమ్మాయ్, ఆ గుంటలేమిటి?" అని వెనక నుంచి గొంతు వినిపించింది.

టీచరమ్మ. ఎనభై ఏళ్ళు. నల్ల గొడుగు, గుండెలకి హత్తుకున్న ఫైలు. కమిటీ ఆఫీసు ఆ ఆవరణ పక్క గదిలోనే ఉంది. నెల రోజులుగా ఆవిడ రోజూ వచ్చి అర్జీ ఇచ్చి, జవాబు వచ్చేదాకా అని అక్కడి మెట్టు మీద కూర్చుంటుంది. జవాబు రాదు, సాయంత్రం లేచి వెళ్ళిపోతుంది.

"పాత మేస్త్రీల పాపాలు టీచరమ్మా. కడుగుతున్నా," అంది పిన్ని చెయ్యి ఆపకుండా.

టీచరమ్మ గొడవ అందరికీ తెలిసిందే. వాళ్ళ పెద్దక్క నూలు మిల్లులో పనిచేసేది, పంతొమ్మిదేళ్ళ పిల్ల. తిరుగుబాటులో మిల్లు ఆడవాళ్ళందరితోపాటు పట్టుకొచ్చి ఈ ఆవరణలో పెట్టారు. తిరిగి ఇంటికి రాలేదు. జైలు రిజిస్టరులో మాత్రం ఆమె నంబరు ఎదురుగా 'విడుదల' అని ఉంది. విడుదలైతే రావాలి కదా? ఎవరితోనో లేచిపోయిందన్నారు ఇరుగుపొరుగు. ఆ మాట మోస్తూ తల్లి పోయింది, తండ్రి పోయాడు. మ్యూజియంలో పెట్టే అమరుల పలక మీద అక్క పేరు ఎక్కించండి అని టీచరమ్మ అడిగితే, కమిటీ మర్యాదగా ఉత్తరం రాసింది. 'సదరు వ్యక్తి విడుదలైనట్టు ఆధారమున్నది. వ్యక్తిగత కారణాలవల్ల ఇల్లు చేరి ఉండకపోవచ్చును.' లేచిపోయిందన్న మాటకే కోటు తొడిగి పంపారన్నమాట.

సాయంత్రానికి పిన్ని పదకొండు గుంటలు నింపింది. కింద పోగైన పెచ్చులూ గుడ్డలూ మరిది తట్టలకెత్తి లారీలో పోశాడు. బయట కార్లు నిలిపేచోట గొయ్యి పూడ్చడానికి తీసుకెళ్ళారు.

*

మంగళవారం పనికి పెందలాడే వచ్చింది. ఎండ ఇంకా ఏటవాలుగా ఉంది. ప్రహరీ సందులోంచి వెలుగు గోడని రాసుకుంటూ పోతోంది. అలాంటి వెలుగులో పూతలోని ప్రతి గీతా కనబడుతుంది. ఏ మేస్త్రీ అయినా తన పని చూపించుకోవడానికి ఒప్పుకోని వెలుగు అది.

పిన్ని క్యారియర్ కింద పెట్టి గోడ దగ్గరికి నడిచింది. పాత పూతలో తాపీ గీత ఒక్కటి లేదు. అన్నీ వేళ్ళ గీతలు. నాలుగేసి వేళ్ళు, పక్కపక్కన, పైనుంచి కిందికి. కొన్ని సన్నవి, కొన్ని వెడల్పు. ఒకచోట అరచెయ్యి మొత్తం దిగింది. తన అరచెయ్యి దాని మీద ఆనించి చూసింది, తనకన్నా చిన్నది. పూత కూడా మనిషి చెయ్యెత్తితే అందేంతవరకే ఉంది. పరంజా కట్టుకుని పనిచేసే మేస్త్రీలైతే పైదాకా పూసేవాళ్ళు.

"మరిదీ, ఇది మేస్త్రీల పని కాదయ్యా."

"నిన్నంతా ఎవరిని తిట్టావు మరి?"

 పిన్ని పన్నెండో సున్నాలో ఉలి పెట్టింది, ఈసారి మెల్లిగా. పెంకు ఊడొచ్చింది. గుడ్డని వేళ్ళతో పీకకుండా సన్నపుల్లతో కదిపి బయటికి తీసింది. అంచు కుట్టు దగ్గర చింపిన పీలిక. సున్నంలో ఉండబట్టి ఎండి గట్టిపడిందే తప్ప పుచ్చలేదు. విప్పితే మూలన నీలం దారంతో కుట్టిన అంకెలు. అరవై రెండు.

గుంటలోకి వంగి చూసింది. నోటి దగ్గర వెడల్పు, లోపలికి పోనుపోను సన్నం. చుట్టూ రాయి నక్షత్రంలా పగిలి ఉంది. ఉలి మొనతో అడుగున గీకితే మెత్తగా దిగింది. రాయి మెత్తగా ఉండదు. గీకినచోట తళుక్కుమంది. సీసం. పాత నీళ్ళ గొట్టాల అతుకుల్లో ఆ మెరుపుని ఎన్నోసార్లు చూసింది.

రెండడుగులు వెనక్కి వేసి గోడంతా కలియజూసింది. బొగ్గు సున్నాలు నడుముకీ మెడకీ మధ్య ఎత్తులో, ఒక వరసలో ఉన్నాయి. సున్నాల మధ్య ఇంకా కొన్ని మచ్చలున్నాయి, కాని అవి నిండుగా నింపినవి, తడితే టక్ అంటాయి. అంటే ఆ చేతులకి నింపడం వచ్చు. ఈ ఇరవై నాలుగూ మాత్రం కావాలనే నింపలేదు.

 పిన్ని బోర్లించిన ఇసుక తట్ట మీద కూలబడింది.

టీచరమ్మ వచ్చేసరికి గుడ్డ ఆవిడ ఒళ్ళోనే ఉంది. టీచరమ్మ కళ్ళజోడు తుడుచుకుని అంకెలు చూసింది. ఫైలు తెరిచి ఒక కాగితం తీసింది. పదిహేనేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి సంపాదించిన రిజిస్టరు పేజీ నకలు. ఒకే తేదీన విడుదలైనట్టు రాసిన ఆడవాళ్ళ నంబర్లు. వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగింది.

"అరవై రెండు. ఇదిగో, విడుదల."

"మొత్తం ఎంతమంది టీచరమ్మా?" అని అడిగింది పిన్ని. అడుగుతుంటేనే తెలిసిపోయింది.

"ఇరవై నలుగురు."

ఇద్దరూ గోడకేసి తిరిగారు. టీచరమ్మ పాఠం చెప్పే గొంతుతో అంది. "ఉద్యమం ఆడవాళ్ళని ఇక్కడ నిలబెట్టి కాల్చారు. మరకలు కడిగి గోడ పూడ్చమని మామూలు ఆడఖైదీలకి చెప్పుంటారు. ఆ రోజుల్లో ఇక్కడ ఉన్నవాళ్ళు దొంగతనాల కేసుల వాళ్ళు. వాళ్ళు పోయినవాళ్ళ బట్టల నుంచి నంబర్లు చింపి, ఒక్కొక్కరికి ఒక్కో గుంట దాచిపెట్టారు."

"దొంగలు!" అంది పిన్ని. "నిన్న నేను వాళ్ళని పనిదొంగలన్నాను."

ఆ మాటతో అసలు సంగతి గుండెలో గుచ్చుకుంది. నిన్న పదకొండు. పీకి, విసిరి, లారీకెక్కించి.

మరిదిని పరుగెత్తించింది. అతను అరగంటలో మొహం వేలాడేసుకుని వచ్చాడు. గొయ్యి పూడ్చి, రోలరు తిప్పి, పొద్దున్నే కాంక్రీటు పోసేశారట.

"మీ అక్కగారి నంబరు ఎంత టీచరమ్మా?"

"డెబ్భై ఒకటి."

"నిన్న నేను పీకిన పదకొండింట్లో ఉండుంటే?" అంది పిన్ని. "చూడనైనా చూడలేదమ్మా. పని బాగా చెయ్యాలన్న యావలో నా చేత్తో నేనే పారేశాను. ఆ ఆడవాళ్ళు డెబ్భై ఏళ్ళు దాచింది ఒక్క పూటలో నాశనం చేశాను. చెప్పు తీసుకుని కొట్టినా పడతాను."

 టీచరమ్మ గొడుగు పిడిని తిప్పుతూ కూర్చుంది. కోపం రాలేదంటే అబద్ధం. పిన్నికేసి చూడకుండానే అంది. "మా అక్క ఒక్కతేనా ఏమిటి ఇక్కడ? ఇంకా పన్నెండు ఉన్నాయి. ముందు వాటి సంగతి చూడు. ఏడవడం తర్వాత."

*

ఇంజనీరు మధ్యాహ్నం వచ్చాడు, వెంట అధ్యక్షుడు. ఇంజనీరు చెడ్డవాడు కాదు. పైవాళ్ళ మొహం చూసి మాట్లాడే అలవాటు ఒక్కటే అతని జబ్బు. పిన్ని గుంట చూపించింది, సీసం చూపించింది, గుడ్డ చూపించింది. ఇంజనీరు అధ్యక్షుడి మొహం చూశాడు.

అధ్యక్షుడి గొంతు వెన్న రాసినట్టుంటుంది. "చాలా ముఖ్యమైన విషయం కనిపెట్టారు పిన్నిగారూ. ఆడవాళ్ళందరినీ క్షేమంగా విడుదల చేయించానని తాతగారు తమ ఆత్మకథలో స్పష్టంగా రాశారు. అంచేత తొందరపడి ఏదీ అనకూడదు. ఇది నా దగ్గర ఉండనివ్వండి. కమిటీలో పెడతాను." గుడ్డని జేబురుమాల్లో చుట్టి కోటు జేబులో వేసుకున్నాడు. "ఈలోగా మీ పని ఆపకండి. ఆదివారం దగ్గర పడుతోంది."

బుధవారం పొద్దున పిన్ని కమిటీ గదికి వెళ్ళి గుడ్డ సంగతి ఏమైందని అడిగింది.

"ఏ గుడ్డ?" అన్నాడు అధ్యక్షుడు, కాఫీ కప్పు సాసర్లో పెడుతూ. అడిగిన తీరులో దురుసు లేదు, తడబాటు లేదు. నిజంగానే తెలియదేమో అనిపించేంత మర్యాదగా అడిగాడు. "శనివారం పొద్దుటికి బొమ్మ గీసేవాళ్ళకి గోడ అప్పజెప్పాలి పిన్నిగారూ. మిగతా గుంటలన్నీ గట్టిగా నింపెయ్యండి. మీ చేతి గురించి నేను వేరే చెప్పాలా?"

పిన్ని నోట మాట రాలేదు. బయటికొచ్చాక వచ్చింది, ఇక్కడ రాయదగ్గ మాట కాదు. నేరుగా గోడ దగ్గరికి పోయి ఉలి తీసుకుంది.

"ఏం చేస్తున్నావ్?" అంది టీచరమ్మ మెట్టు మీంచి.

"మిగతా పన్నెండూ ఇప్పుడే తీస్తా. తీసి అందరి మొహాన కొడతా."

"కూర్చో ముందు. నువ్వు తీస్తే నువ్వే పెట్టావంటారు. నిన్నటిది జేబులోకి పోయింది, రేపటివి నీ మీదికి వస్తాయి. ఎవరు తీస్తే కాదనలేరో వాళ్ళే తియ్యాలి."

పిన్ని కూర్చుంది. ఉలితో నేల మీద గీతలు గీస్తూ ఆలోచించింది. గోడ అప్పగించేటప్పుడు ప్రధాన కార్యాలయం నుంచి తనిఖీ అధికారి వస్తాడు. మేస్త్రీ ఆయన ముందు గోడంతా తట్టి, బోలు లేదని నోటితో చెప్పాలి. ఉందని చెబితే ఆ అధికారే స్వయంగా తెరవాలి, ఫోటో తియ్యాలి, దొరికింది దొరికినట్టు రాసి అందరిచేతా సంతకాలు పెట్టించాలి. అలా తెరిచిన గోడని లెక్క తేలేదాకా ఎవరూ ముట్టకూడదు. అంతా బాగానే ఉంది. కాని తన గోడ బోలని చెప్పిన మేస్త్రీ పేరు మొదటి తరగతి జాబితాలోంచి కొట్టేస్తారు. మళ్ళీ పాత కట్టడం మీద చెయ్యి వెయ్యనివ్వరు. వంటింటి గోడలకి వెల్ల వేసుకుని బతకాలి. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట అనాల్సిన అవసరం పిన్నికి రాలేదు.

"శుక్రవారం తనిఖీ," అంది చివరికి. "మరిదీ, పలచటి పూతకి సున్నం వడకట్టు."

"గుంటలు నింపకుండా పూతేమిటి వదినా?"

"వాళ్ళెలా చేశారో అలాగే."

మిగిలిన పన్నెండింటినీ ముట్టుకోలేదు. అరవై రెండు ఉన్న గుంటని ఖాళీగానే పెంకు పెట్టి మూసింది. గోడంతటికీ పలచటి పూత ఎక్కించడం మొదలుపెట్టింది. బుధవారం, గురువారం, రెండు రోజులు పట్టింది. కింద బోలుందని తెలిసీ పైన నునుపు చేస్తుంటే మొదట చెయ్యి మొండికేసింది. తాపీ రెండుసార్లు జారింది. బొగ్గు సున్నాలు ఒక్కొక్కటే తెల్లటి పూత కిందికి వెళ్ళిపోయాయి. మరిది మామూలుగా రోజుకి పది జోకులు వేస్తాడు. ఆ రెండు రోజులూ నీళ్ళు కావాలా అన్న మాట తప్ప ఇంకోటి అనలేదు. గురువారం సాయంత్రం పరంజా విప్పుతూ మాత్రం ఆగలేకపోయాడు.

"నీ పేరు పోతుంది వదినా."

"పోనీవయ్యా. నాకు పేరంటూ ఉంది కాబట్టి పోతుంది. వీళ్ళకి నంబర్లే మిగిలాయి."

*

శుక్రవారం పదింటికి తనిఖీ అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, మెడలో కెమెరా, చంకలో ఫారాల పుస్తకం. నవ్వడు, కసరడు. నియమాలే ఆయనకి అన్నీ. అధ్యక్షుడు కుర్చీలు వేయించాడు. ఇంజనీరు పనిపత్రం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. టీచరమ్మ తన మెట్టు మీదే ఉంది.

"మీ గోడ కదా, వినడానికేముంది? తట్టుకుంటూ పొండి, నేను రాసుకుంటుంటాను," అన్నాడు అధికారి పుస్తకం తెరుస్తూ.

పిన్ని ఎడమ చివర నుంచి తట్టింది. నిండు మోత. నిండు మోత. ఆయన కలం కదులుతూనే ఉంది. గోడ మధ్యకి వచ్చేసరికి డబ్ అంది.

"బోలు," అంది పిన్ని గట్టిగా.

కలం ఆగింది. "ఏమన్నారు?"

"బోలు అన్నానండీ. ఇది పన్నెండోది." పక్కకి జరిగి మళ్ళీ తట్టింది. "ఇదీ బోలే. ఇదీ. ఇదీ." కుడి చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మొత్తం పదమూడు. తెలిసే వదిలేశాను. ఈ గోడ పనికిరాదు. మీ రూలు ప్రకారం మీరే తెరవండి."

అధ్యక్షుడు లేచాడు. "ఆవిడ ఆరోగ్యం బాగాలేనట్టుంది. ఎల్లుండి ప్రారంభోత్సవం. దీన్ని తర్వాత చూసుకుందాం."

"మేస్త్రీ నోటితో బోలన్నాక తర్వాతనేది లేదండీ," అన్నాడు అధికారి విసుగ్గా. అది న్యాయం కోసం వచ్చిన విసుగు కాదు, ఫారం పాడైనందుకు వచ్చిన విసుగు. కాని ఆ పూటకి అదే చాలు. "ఉలి ఇవ్వండి."

మొదటి గుంట ఖాళీ. అడుగున సీసం చూసి ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి. రెండోదాంట్లో గుడ్డ దొరికింది. పిన్ని చెప్పినట్టే సన్నపుల్లతో తీసి, తెల్లకాగితం మీద పరిచి, ఫోటో తీసి, నంబరు పైకి చదివాడు. "యాభై ఎనిమిది." మెట్టు మీంచి టీచరమ్మ, "ఉంది," అంది, కాగితం మీద టిక్కు పెడుతూ. "ఎనభై మూడు." "ఉంది." "అరవై ఆరు." "ఉంది."

 పన్నెండు గుడ్డలు పన్నెండు కాగితాల మీద వరసగా పరిచారు. ఇరవై నలుగురిలో పన్నెండు మంది తేలారు. డెబ్భై ఒకటి రాలేదు.

"ఆ ఖాళీ గుంటలో ఏముండేది?" అన్నాడు అధికారి.

"అరవై రెండు. మంగళవారం తీశాను. ఈ అధ్యక్షులవారు కోటు జేబులో వేసుకున్నారు."

"ఎంత మాట!" అన్నాడు అధ్యక్షుడు.

"ఎవరైనా చూశారా?"

 ఇంజనీరు పనిపత్రాన్ని మడతపెట్టాడు, విప్పాడు. ఒకసారి అధ్యక్షుడికేసి చూసి, అలవాటు తప్పించి, గోడకేసి చూశాడు. "చూశాను సార్," అన్నాడు. "అరవై రెండే. జేబురుమాల్లో చుట్టుకున్నారు."

అధ్యక్షుడు కుర్చీలో కూర్చున్నాడు. వెన్న ఇంకా పూర్తిగా కరగలేదు. "సరే. పదమూడు మంది అనుకుందాం. విషాదమే. మిగతా పదకొండు మంది విడుదలయ్యారనే కదా దీని అర్థం? రిజిస్టరు తప్పని మీరు చూపించింది పదమూడు మందికే. పదమూడు పేర్లు పలక మీద ఎక్కిస్తాం. మిగతావాళ్ళకి ఆధారం లేదు."

టీచరమ్మ కలం మూత పెట్టింది. ఆ పదకొండు మందిలో వాళ్ళ అక్క ఉంది. ఇప్పుడు రికార్డు ప్రకారం ఇంకా గట్టిగా లేచిపోయినట్టయింది.

"ఆధారం ఉంది," అంది పిన్ని. "నేనే."

అందరూ ఆవిడకేసి తిరిగారు.

"సోమవారం ఇక్కడ ఇరవై నాలుగు బోలు గుంటలున్నాయి. ఇంజనీరుగారి పనిపత్రంలో ఉంది, చూసుకోండి. ఎడమ నుంచి పదకొండు నేను తెరిచాను. పదకొండింట్లోనూ గుడ్డలున్నాయి. చూడకుండా పీకి పారేసి గుంటలు నింపాను. అవి మీ కార్లు నిలిపే కాంక్రీటు కిందున్నాయి. రాయండి."

"వదినా, వద్దు," అన్నాడు మరిది చెయ్యి పట్టుకుని.

"అమ్మాయ్, ఆలోచించుకో," అంది టీచరమ్మ కూడా.

అధికారి కలం పైకెత్తి పట్టుకున్నాడు. "చూడండమ్మా. బోలు పని అంటే జాబితాలోంచి పేరు పోతుంది, అంతే. ఇది వేరు. చారిత్రక ఆనవాళ్ళని ధ్వంసం చేశానని మీకు మీరే ఒప్పుకుంటున్నారు. నేను రాసి పైకి పంపితే కేసు పెడతారు. తెలిసే చెబుతున్నారా?"

"తెలిసే చెబుతున్నాను. నేను తప్పు చెయ్యలేదంటే వాళ్ళు విడుదలైనట్టు. చేశానంటే చచ్చిపోయినట్టు. చేశాను. ఎవడు అడిగినా ఇదే చెబుతాను."

"ఆ పదకొండింట్లోనూ గుడ్డలున్నాయని ఏం నమ్మకం?" అన్నాడు అధ్యక్షుడు. గొంతులో ఈసారి గరుకు తేలింది.

 పిన్ని తాపీ తీసుకుని ఎడమ చివరికి వెళ్ళింది. రెండు రోజులు పూసిన పూతని తాపీ అంచుతో గీరి పడేసింది. పాత పసుపు పూత మధ్య ఆవిడ కూరిన కొత్త సున్నం అరచేతంత మేర తెల్లగా బయటపడింది. చెక్క సుత్తితో తట్టింది. నిండు మోత. ముప్పై ఏళ్ళ చేతి పని. ఉలి పెట్టి దాన్ని పగలగొట్టింది. తేలిగ్గా పగల్లేదు, అది పిన్ని పని మరి. ఆరు దెబ్బలకి రాతిముక్క కదిలింది. గుంట నోటి దగ్గర, సున్నానికి అంటుకుపోయి, నూలు పోగులు నాలుగు. నీలం దారం ముక్క ఒకటి.

"ఫోటో తీసుకోండి," అని రెండోదాని దగ్గరికి వెళ్ళింది.

పదకొండూ పగలగొట్టేసరికి మధ్యాహ్నం దాటింది. నాలుగింట్లో పోగులు దొరికాయి. అన్నిట్లోనూ అడుగున సీసం దొరికింది. మరిది చివరికి వద్దనడం మానేసి పెచ్చులు ఎత్తాడు, ఈసారి లారీకి కాదు, సంచుల్లోకి, ఒక్కో గుంటకి ఒక్కో సంచి. అధ్యక్షుడు ఎవరికో ఫోన్ చేస్తానని గదిలోకి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఇంజనీరు బొమ్మ గీసేవాళ్ళకి ఫోన్ చేసి శనివారం రావద్దని చెప్పాడు.

అధికారి వాంగ్మూలం రాసి పైకి చదివాడు. "నేను, దిగువ సంతకం చేసిన మేస్త్రీని, సోమవారం నాడు తూర్పు గోడలో సుమారు పదకొండు చోట్ల..."

"సుమారు కాదు," అంది పిన్ని. "పదకొండు."

"మామూలుగా అలా రాస్తామమ్మా. రేపు ఎవరైనా అడిగినా మీకు కాస్త వెసులుబాటు ఉంటుంది."

"నాకు వెసులుబాటు అక్కర్లేదు. సుమారంటే పది కావచ్చు, తొమ్మిది కావచ్చు. ఆ ఒక్కరూ లేచిపోయారంటారు మళ్ళీ. కొట్టెయ్యండి."

ఆయన 'సుమారు' కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేసి, కాగితం ముందుకి జరిపాడు. పిన్ని కొంగుతో చేతులు తుడుచుకుంది. సున్నానికి పగిలిన వేళ్ళు, ఎంత తుడిచినా కాగితం మీద తెల్లటి ముద్ర పడింది. కలం తీసుకుని, సంతకం పెట్టబోయి ఆగింది.

"అంకెల్లోనే రాశారు. అక్షరాల్లో కూడా రాయండి. అంకె దిద్దడం తేలిక."

అధికారి ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూశాడు. కాగితం వెనక్కి తీసుకుని, అంకె పక్కన కుదురుగా రాశాడు. పిన్ని ఆ మాటని ఒకసారి, టీచరమ్మ ఒకసారి చదువుకున్నాక సంతకం పెట్టింది.